ముంజేయి ఇచ్చిన నాలుక

ఆపరేషన్‌కు ముందురోజు వార్డులో నర్సు పేషెంటు ఎడమచేతికి ఒక ప్లాస్టరు అంటించి, దాని మీద పెన్నుతో రాస్తుంది: ఈ చేతికి సూది గుచ్చవద్దు. రక్తం తీయాలన్నా, సెలైన్ ఎక్కించాలన్నా కుడిచెయ్యే. పక్క మంచం వాళ్లకు ఇది వింతగా ఉంటుంది. జబ్బు నోట్లో ఉంటే చేతికి ఇంత కాపలా ఎందుకని. మర్నాడు పొద్దున ఆ ముంజేతి చర్మమే, కిందున్న రక్తనాళాలతో సహా, నోట్లోకి వెళ్లి నాలుకలో సగం కాబోతోంది. ఆ సిరలు సూదిపోట్లకు గట్టిపడితే కొత్త నాలుక బతకదు.

సికింద్రాబాద్‌లో ఇప్పుడిది అరుదైన ఆపరేషన్ కాదు. మినిస్టర్ రోడ్డులోనూ, అలెగ్జాండర్ రోడ్డులోనూ ఉన్న పెద్ద ప్రైవేటు ఆస్పత్రుల్లో జరుగుతోంది. ట్యాంక్‌బండ్ దాటి వెళితే రెడ్‌హిల్స్‌లో 1955 నాటి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, బంజారాహిల్స్‌లో 2000లో మొదలైన బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ బస్సులు దిగే జూబ్లీ బస్‌స్టేషన్లో, కాజీపేట వైపు రైళ్లు ఆగే స్టేషన్లో కండువా నోటికి అడ్డం పెట్టుకున్న మనుషులు కనిపిస్తారు. చొంగ ఆగదు, వాసన దాగదు. వాళ్లు డాక్టరును మొదట అడిగేది బతుకుతామా అని కాదు. “సారూ, మాట వస్తదా?” అని.

ఆ ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పాలన్నదే ఈ కథనం ప్రయత్నం.

ఘాటు ఉన్న చోటే పుండు

2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏడాదికి సుమారు 3.9 లక్షల మందికి పెదవి, నోటి క్యాన్సర్ వస్తే, అందులో 1.43 లక్షల మంది మనవాళ్లే. అదే ఏడాది మన దేశంలో దాదాపు 80 వేల మంది దీనితో చనిపోయారు. భారతీయ మగవాళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే.

ఖైనీ గానీ, గుట్కా గానీ, జర్దా కిళ్లీ గానీ ఎక్కడ దాచుకుంటారో అక్కడే పుండు లేస్తుంది: కింది చిగురుకూ బుగ్గకూ మధ్యనున్న సందులో. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో వచ్చేది. విశాఖ వైద్యులు 1950లలోనే ఆ సంగతి వైద్య పత్రికలకు రాశారు. పొగాకు లేకుండా ఒట్టి వక్క నమిలినా ముప్పేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో తేల్చింది. భోజనం తర్వాత పలుకు వక్క వేసుకోవడం అలవాటున్న మన ఇళ్లలో ఈ సంగతి ఇప్పటికీ సరిగా చేరలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో గుట్కాను నిషేధించారు. అడిగితే పాన్‌డబ్బాలో ఇప్పటికీ దొరుకుతుందని ఎవరికి తెలియదు?

నాలుక మీద వచ్చేది మాత్రం ఎక్కువగా పక్క అంచున వస్తుంది. పన్ను ఒరుసుకుని పుండు పడిందనుకుంటారు. నోటిపూత అనుకుంటారు. బీ కాంప్లెక్స్ మాత్రలు ఒక నెల, పూతమందు ఇంకో నెల. ఆ తర్వాత ఎవరో ముక్క పరీక్ష చేయించమంటే, ఇంట్లో ఎవరో అడ్డం పడతారు. “కత్తి వెడితె పాకుతదంట గద!” తెలంగాణలో ఈ మాట వినని క్యాన్సర్ డాక్టరు ఉండడు. పుండు అంచు నుంచి గింజంత ముక్క తీస్తే జబ్బు పాకదు. తీయకుండా కూర్చున్న నెలల్లో పాకుతుంది. మొదట్లోనే పట్టుబడ్డ పుండుకు నాలుక అంచు కొంచెం కోసి, కుట్లు వేసి పంపేస్తారు. చేతి చర్మంతో పనే ఉండదు. సగం నాలుక పోయేది, దవడ ఎముక పోయేది, బుగ్గకు చిల్లి పడేది ఆలస్యం చేసినవాళ్లకే.

ఒకే బల్ల, రెండు జట్లు

పొద్దున ఎనిమిదింటికి థియేటర్లోకి తీసుకెళితే బయటికి వచ్చేసరికి సాయంత్రం దాటుతుంది. ఎనిమిది గంటలు, పది గంటలు, దవడ కూడా కడితే ఇంకా ఎక్కువ. బయట బెంచీల మీద కూర్చున్న ఇంటివాళ్లకు ఆ ఆలస్యమే గుండెదడ. లోపల ఏం జరుగుతోందో ముందే చెప్పి ఉంటే ఆ భయం సగం తగ్గుతుంది.

మొదటి కష్టం మత్తు ఇవ్వడంలోనే. ఏళ్ల తరబడి వక్క నమిలినవాళ్లకు బుగ్గల లోపలి పొర నారలా బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. రెండు వేళ్లు కూడా పట్టవు. అలాంటివాళ్లకు మెలకువగా ఉండగానే సన్నటి కెమెరా సాయంతో ముక్కులోంచి గొంతులోకి గొట్టం దించుతారు. మత్తుమందు చరిత్రలో ఈ జంటనగరాలకు చోటుందని ఇక్కడ గుర్తుచేయాలనిపిస్తోంది. క్లోరోఫాం ఎంత భద్రమో తేల్చడానికి 1888లో, 1889లో రెండు కమిషన్లు పనిచేసింది హైదరాబాద్‌లోనే. నిజాం ఖర్చు భరించగా డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలని చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ ఆయన దగ్గరే ఆ విద్య నేర్చారు.

మత్తు కుదిరాక రెండు జట్లు పని మొదలుపెడతాయి. ఒక జట్టు నోట్లో. పుండు చుట్టూ సుమారు ఒక సెంటీమీటరు మేర మంచి కండను కూడా కలిపి కోస్తారు. అంచుల ముక్కలను అప్పటికప్పుడు గడ్డకట్టించి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఎక్కడైనా జబ్బు కణాలు కనిపిస్తే ఇంకొంచెం తీస్తారు. తర్వాత మెడ కోసి గ్రంథులు తొలగిస్తారు. మెడలో గడ్డ తగలకపోయినా ఇది చేయాలా అని చాలామంది అడుగుతారు. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు దీన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ముందే మెడ గ్రంథులు తీయించుకున్నవాళ్లలో మూడేళ్ల తర్వాత 80 శాతం మంది బతికి ఉన్నారు. గడ్డ కనిపించాక తీద్దామని ఆగినవాళ్లలో 67.5 శాతమే. ప్రపంచంలో చాలాచోట్ల ఇప్పుడు ఆ లెక్కనే అనుసరిస్తున్నారు. మన రోగులు, మన డాక్టర్లు ఇచ్చిన జవాబది.

రెండో జట్టు చేతి దగ్గర. అంతకుముందే ఒక పరీక్ష జరిగి ఉంటుంది. మణికట్టు దగ్గర రెండు ధమనులను వేళ్లతో నొక్కి, చెయ్యి తెల్లబడ్డాక చిటికెనవేలు వైపుది మాత్రం వదులుతారు. అరచెయ్యి మళ్లీ ఎర్రబడితే రెండో ధమని లేకపోయినా చేతికి నెత్తురు అందుతుందని నమ్మకం. నోట్లో పడ్డ ఖాళీని కొలిచి ఆ ఆకారాన్ని ముంజేతి మీద గీస్తారు. కొంచెం పెద్దగానే గీస్తారు, కాలం గడిచేకొద్దీ, కరెంటు (రేడియేషన్) పెట్టాక ముఖ్యంగా, అది కుంచించుకుపోతుంది కాబట్టి. పలచగా, మెత్తగా వంగే చర్మం కాబట్టి సగం నాలుకకు ముంజేయి సరిపోతుంది. నాలుక మొత్తం పోతే ఇంత పలచనిది చాలదు, తొడ పక్కనుంచి మందంగా తీస్తారు. దవడ ఎముక పోతే మోకాలి కింద బరువు మొయ్యని సన్న ఎముకను, చీలమండ దగ్గరా మోకాలి దగ్గరా కొంత వదిలి, తీసి ముక్కలుగా కోసి దవడ వంపుకు అమరుస్తారు. న్యూయార్క్ సర్జన్ డేవిడ్ హిడాల్గో 1989లో ప్రకటించిన పద్ధతి అది. కాలి ఎముక తీయించుకున్న రోగి తర్వాత మామూలుగానే నడుస్తాడు.

అన్నిటికన్నా సూక్ష్మమైన ఘట్టం మైక్రోస్కోపు కింద. తెచ్చిన చర్మం తాలూకు ధమనిని మెడలోని ధమనికి, సిరను సిరకు కలపాలి. ఆ నాళాలు రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు. దారం తలవెంట్రుక కన్నా సన్నం. కుట్లు పూర్తయ్యాక క్లిప్పులు వదులుతారు. పాలిపోయి ఉన్న చర్మం ఎర్రబడుతుంది, అంచు నుంచి తాజా నెత్తురు చిమ్ముతుంది. అనుభవం ఉన్న చోట నూటికి 95 మందికి పైగా ఇది నిలబడుతోంది.

నుదుటి నుంచి ముంజేతి దాకా

ఇంత పనితనం లేని రోజుల్లో నోరు కోయించుకున్నవాళ్ల బతుకు ఎలా ఉండేదో సిగ్మండ్ ఫ్రాయిడ్‌ను చూస్తే తెలుస్తుంది. 1923లో ఆయన నోట్లో క్యాన్సర్ బయటపడింది. అంగిలి, దవడ కోసేశాక నోటికీ ముక్కుకూ మధ్య అడ్డుగోడగా ఒక కట్టుడు పళ్ల పరికరం అమర్చుకుని, 30కి పైగా ఆపరేషన్లు భరించి, 1939లో చనిపోయేదాకా మాటతో, తిండితో యాతన పడ్డారు. అంత పేరున్న మనిషికీ అంతకన్నా దారి లేదు.

శరీరంలో ఒకచోటి చర్మాన్ని ఇంకోచోటికి తిప్పి బతికించే విద్య మనకు కొత్తది కాదు. తెగిన ముక్కును తిరిగి నిలబెట్టే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి ముక్కు కట్టిన మహారాష్ట్ర వైద్యుల పనితనం 1794లో లండన్ పత్రికలో అచ్చయ్యాక యూరప్ సర్జన్లు దాన్ని నేర్చుకున్నారు. 1963లో గ్లాస్గో సర్జన్ ఇయాన్ మెక్‌గ్రెగర్ అదే నుదుటి చర్మాన్ని నోటి లోపలికి మళ్లించారు. నోరు బాగుపడేది కానీ ముఖం మీద మచ్చ మిగిలేది. 1979లో అమెరికా సర్జన్ స్టీఫెన్ ఆరియన్ ఛాతీ కండను మెడ కిందుగా నోట్లోకి తెచ్చారు. ముంజేతి చర్మాన్ని పూర్తిగా విడదీసి మరోచోట అతికించవచ్చని చైనా డాక్టర్లు 1981లో ప్రకటించారు. అందుకే దాన్ని చాలాకాలం చైనా ఫ్లాప్ (ఫ్లాప్ అంటే తీసి అతికించే చర్మపు ముక్క) అనేవారు.

ఛాతీ కండ పద్ధతిని పాతబడిందని కొందరు తేలిగ్గా మాట్లాడతారు. నాకది నచ్చదు. మైక్రోస్కోపు, రాత్రంతా కాపలా, మూడు షిఫ్టుల నర్సులు లేని చోట వేలమంది ప్రాణాలు నిలబెట్టింది అదే. వయసు పైబడినవాళ్లకు, పది గంటల మత్తు తట్టుకోలేనివాళ్లకు ఇప్పటికీ అదే సరైనది. నాలుకకు మాత్రం అది బరువు. కదలనివ్వదు. కదలిక మిగిలిన సగం నాలుక బరువు కింద నలిగితే మాట ముద్దగా వస్తుంది. కాబట్టి ఏ పద్ధతి, ఎందుకు అని ఇంటివాళ్లు ముందే అడగాలి. అడిగితే డాక్టర్లు చెబుతారు.

మొదటి రెండు రాత్రులు

ఐసీయూలో కళ్లు తెరిచేసరికి గొంతుకు రంధ్రం చేసి పెట్టిన పైపు ఉంటుంది, ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబు ఉంటుంది, చేతికి పెద్ద కట్టు ఉంటుంది. తొడ నుంచి తీసిన పలచటి చర్మం ముంజేతి గాయానికి అంటించి ఉంటారు. నోరు వాచి ఉంటుంది, మాట రాదు. ఇది ముందే తెలియనివాళ్లు గొంతు పోయిందని హడలిపోతారు. గొంతు పోలేదు. వాపు తగ్గాక, సాధారణంగా వారం పది రోజుల్లో, పైపు తీసేస్తారు. రంధ్రం దానంతటదే పూడుకుంటుంది. అప్పటిదాకా పలకా బలపమో, ఫోన్లో టైపు చేయడమో. చదువు రానివాళ్లకు బొమ్మల అట్ట ఒకటి ముందుగానే తయారు చేసి పెడితే ఎంత మేలు! నీళ్లు, నొప్పి, దగ్గు, ఒంటికి, ఇంటావిడ. ఐదు బొమ్మలు చాలు.

గంటగంటకూ నర్సు టార్చి వేసి కొత్త నాలుకను చూస్తుంది. వెచ్చగా ఉందా, లేత రంగులో ఉందా? సూదితో గుచ్చితే ఎర్రటి నెత్తురు రావాలి. నీలంగా మారి నల్లటి నెత్తురు వస్తే సిర మూసుకుపోయిందని అర్థం. అర్ధరాత్రయినా వెంటనే థియేటర్‌కు తీసుకెళ్లాలి. కొన్ని గంటలు దాటితే ఆ చర్మం దక్కదు. సర్జన్ పేరు గోడ మీద రాస్తారు, ఆ రాత్రి రంగు తేడా పసిగట్టిన నర్సు పేరు ఎక్కడా ఉండదు. ఈ ఆపరేషన్ విజయంలో సగం వాటా ఆమెదేనని సర్జన్లే ఒప్పుకుంటారు.

ట, డ, ణ, ళ

ఇప్పుడు ఆ మొదటి ప్రశ్నకు వద్దాం. మాట వస్తుంది. పాత మాట రాదు.

బళ్లో నేర్చుకున్న వర్ణమాలే ఇక్కడ లెక్క చెబుతుంది. ప, బ, మ పెదవులతో పలికేవి, అవి మొదటి రోజుల్లోనే వస్తాయి. క, గ నాలుక వెనక భాగం పని. వెనక భాగం మిగిలితే అవీ వస్తాయి. త, ద, న పళ్లకు నాలుక కొన ఆనాలి, కష్టం. అన్నిటికన్నా కష్టం మూర్ధన్యాలు. ట, డ, ణ, ళ పలకాలంటే నాలుక కొన వెనక్కి మడిచి అంగిట్లో తాకాలి. ముంజేతి నుంచి వచ్చిన చర్మంలో కండ లేదు, తనంతట తాను మడవలేదు. మిగిలిన సగమే దాన్ని ఈడ్చుకుపోవాలి. తెలుగులో ఈ అక్షరాలు లేని వాక్యం దొరకడమే కష్టం. అందుకే మన భాషలో సాధన మన అక్షరాలతోనే జరగాలి. అద్దం ముందు కూర్చుని, ఒక్కో గుణింతం, రోజుకు నాలుగైదు సార్లు. నాలుక అంగిట్లోకి అందకపోతే పళ్ల డాక్టరు అంగిలినే కిందికి దించేలా ఒక ప్లేటు చేసి పెడతాడు. సగం నాలుక మిగిలినవాళ్లలో చాలామంది మాట బయటివాళ్లకు కూడా అర్థమయ్యేలా వస్తుంది. నాలుక మొత్తం పోయినవాళ్ల మాట ఇంటివాళ్లకు అర్థమవుతుంది, బయట కష్టమే.

మింగడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. అన్నిటికన్నా ప్రమాదం మంచినీళ్లు. పలచగా జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిక్కటి జావ, గిలక్కొట్టిన పెరుగు, మెత్తగా పిసికిన పప్పన్నం నయం. గడ్డం ఛాతీకి దించి, బాగున్న వైపు తల వంచి, మింగి, దగ్గి, మళ్లీ మింగాలి. ట్యూబు ఉన్న రోజుల్లో రాగిజావ, పాలు, గుడ్డు, మజ్జిగ వడగట్టి సిరంజితో పోసేది ఎక్కువ ఇళ్లలో భార్యే. కూర్చోబెట్టి పోయాలి, పోశాక నీళ్లతో పైపు కడగాలి. ఈ పని ఆమెకు ఎవరో ఒకరు చేతులు పట్టి నేర్పాలి. డిశ్చార్జి కాగితం మీద ఒక వాక్యం రాసి పంపిస్తే సరిపోదు.

ముక్క రిపోర్టును బట్టి ఆరు వారాల లోపు కరెంటు మొదలుపెడతారు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాల పైన. నోరు పూసి, ఎండిపోయి, ఆవకాయ మాట అటుంచి చారు మెతుకులు కూడా మంటెక్కిస్తాయి. పాడైన పళ్లను కరెంటుకు ముందే తీయించాలి. తర్వాత పీకితే దవడ ఎముక చచ్చుబడే ప్రమాదముంది. ఇంకా చిన్నచిన్న సంగతులు కొన్ని ఎవరూ ముందు చెప్పరు. చేతి మీద వెంట్రుకలుంటే అవి నోట్లోనూ పెరుగుతాయి. చాలామందికి కరెంటుతో రాలిపోతాయి. కొత్త సగానికి రుచి తెలియదు, పాత సగానికి తెలుస్తుంది. మెడ ఆపరేషన్ వల్ల భుజం కొన్ని నెలలు పైకి లేవదు, వ్యాయామం చేయాలి. ముందు తెలిస్తే ఇవి భరించదగ్గవే. తెలియకపోతే ఒక్కొక్కటీ జబ్బు తిరగబెట్టిందన్న భయం.

కోతకు ఉన్న విలువ మాటకూ ఉండాలి

ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం 2007లో మొదలయ్యాక క్యాన్సర్ ఆపరేషన్, కీమో, కరెంటు పేదింటికి అందాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. వైద్యం కోసం వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ ఉచితం, తోడు వచ్చేవారికి 75 శాతం రాయితీ. స్టేషన్లో అడిగేవాళ్లు తక్కువ, అడగండి.

ఇక నా ఫిర్యాదు ఒకటే. పది గంటలు కష్టపడి నాలుక కట్టి, ఆ నాలుకతో మాట్లాడడం, మింగడం నేర్పే మనిషిని చూపించకుండా ఇంటికి పంపడం సగం వైద్యం. స్పీచ్ థెరపిస్టులు మనకు దొరకనివాళ్లేమీ కాదు. ఆ చదువు చెప్పే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. నాలుక ఆపరేషన్ చేసే ప్రతి ఆస్పత్రిలో, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, కోతకు ముందే ఆ థెరపిస్టు రోగిని కలవాలి. కనీసం మూడు నెలల సాధనకు ప్రభుత్వ పథకం డబ్బు చెల్లించాలి. ఇందులో యంత్రాల ఖర్చు లేదు. ఒక గది, ఒక అద్దం, ఓపికున్న మనిషి కావాలి.

జబ్బును ముందే పట్టుకోవడానికీ పెద్ద యంత్రాలు అక్కర్లేదు. తిరువనంతపురంలో 1996లో మొదలైన అధ్యయనంలో శిక్షణ పొందిన కార్యకర్తలు టార్చి వేసి నోరు చూశారు, అంతే. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయి. 2005లో ఆ ఫలితాలు వచ్చాయి. మన ఆశా కార్యకర్తల చేతికి ఇప్పటికీ ఆ టార్చి అందాల్సే ఉంది.

 మీ నోట్లో గానీ, మీ ఇంట్లో కిళ్లీయో ఖైనీయో వేసుకునే పెద్దాయన నోట్లో గానీ రెండు మూడు వారాలు దాటినా మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ ఉందేమో చూడండి. నోరు మునుపటంత తెరుచుకుంటోందా, చూడండి. పుండో మచ్చో ఉంటే, నోరు సరిగా తెరుచుకోకపోతే, మాత్రలు మింగుతూ ఇంకో నెల గడపొద్దు. గాంధీ ఆస్పత్రిలోనూ ఓపీ ఉంటుంది, మీ జిల్లా ఆస్పత్రిలోనూ ఉంటుంది. వెళ్లి ముక్క పరీక్ష చేయించండి.